తిరగేసి నాటిన గుంజ

మూడో రోజు కూడా రెడ్డెప్ప నిలబడే పనిచేశాడు. టమోటా కాడను పురికొసతో చుట్టి కట్టెకు ముడివేయడం, పక్క మొక్కకు జరగడం. ముడి బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే కాయల బరువుకు చెట్టు వాలిపోతుంది. ముప్పై ఏళ్ళలో ఆయన వేసిన ముడి ఊడింది లేదు. పుంగనూరులోనే కాదు, కుప్పం దిక్కు రైతులు కూడా ఆయన కోసం ఫోన్లు చేసేవాళ్ళు. ఆ పేరుకు మించి ఆయన సంపాదించిందేమీ లేదు పాపం.

సోమవారం వాన ముంచుకొస్తోందని తొందరపడ్డాడు. మొక్కల సాలు చివర ఇనప తీగను లాగికట్టే మోకాలెత్తు గుంజను గుంతలో దించి రాళ్ళు దట్టించాడు. మొన కిందికి పోవాలి, మొద్దు పైకి ఉండాలి. కొత్త కూలీలు ఇందులో తప్పు చేస్తే నలుగురిలో కడిగేసేది ఆయనే. ఆ రోజు మొన పైకి పెట్టింది కూడా ఆయనే. కాయల క్రేటు మీదెక్కి పైతీగ కడుతుంటే క్రేటు జారింది. ఆయన సరిగ్గా ఆ మొన మీద కూర్చున్నట్టు పడ్డాడు.

కళ్ళు బైర్లు కమ్మినా ముందు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అమ్మయ్య అనుకున్నాడు! గుంజను పెరికి, డ్రిప్పు పైపు నీళ్ళతో నెత్తురు కడిగి, సరిగ్గా నాటి తీగ కట్టాడు. పంచె మడత మార్చుకుని ఇంటికి పోయాడు.

మూడో రోజు, బుధవారం మధ్యాహ్నం సంగటి ముద్ద నోటికి పోలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పక్క సాలులో కాయలు కోస్తున్న భార్య మునిలక్ష్మమ్మ వచ్చి నిలబడింది.

"మూడు దినాలుగా సూస్తాండా. కూసోకుండా నించోనే తింటాండావు, యాల?"

కడుపులో గ్యాసన్నాడు. ఆమె నమ్మలేదు. ఆటో ఎక్కించి పుంగనూరులో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు చిన్నపిల్ల, రెడ్డెప్ప కూతురు ఉషారాణి వయసుంటుంది. కడుపు నొక్కి చూడగానే ఆమె ముఖం మారింది. ఎక్కడైనా పడ్డావా, దెబ్బ తగిలిందా, మోషన్‌లో రక్తం పోతోందా అని రెండుసార్లు అడిగింది. బిడ్డలాంటి పిల్లకు అదెట్లా చెప్పడం? రెడ్డెప్ప తల వంచుకున్నాడు.

"ల్యాదమ్మా. ఏమీ ల్యా."

ఆమె మదనపల్లె పెద్దాసుపత్రికి చీటీ రాసి అంబులెన్సు పిలిపించింది. దారిలో చలితో వణుకుతూ ఆయన భార్య చెయ్యి పట్టుకుని అప్పుడు చెప్పాడు, అంతా. చివర్లో గొంతు తగ్గించాడు.

"ఎవరికీ సెప్పొద్దు మే. రెడ్డెప్ప గుంజ తిరగేసి నాటినాడని నవ్వుతారు."

మదనపల్లెలో మునిలక్ష్మమ్మ సర్జన్‌కు మాత్రం చెప్పింది. వెంటనే ఆపరేషన్ చేశారు. లోపల పేగుకు చిల్లు పడి, చీము కడుపంతా పాకిపోయిందట. మొదటి రోజే వచ్చుంటే కెమెరా గొట్టంతో గాయం చూసి, పొట్ట మీద వేలు పట్టేంత రంధ్రాలు రెండు మూడు పెట్టి బాగుచేసేవాళ్ళమని, ఇట్లాంటివి మాకు కొత్త కాదమ్మా, ఇందులో సిగ్గేముందని సర్జన్ అన్నాడు. గురువారం ఉదయం కాఫీల వేళకు రెడ్డెప్ప పోయాడు.

చావుకు వచ్చినవాళ్ళంతా ఏమైందని అడిగారు. మునిలక్ష్మమ్మ నేల చూస్తూ గ్యాసని చెప్పింది. అబద్ధం చెప్పినందుకూ సిగ్గే, నిజం చెప్పాలన్నా సిగ్గే.

దినాలయ్యాక తోటకు పోయింది. సాలు చివర గుంజ ఉంది, మొద్దు పైకి, మొన మట్టిలోకి. వరసలోని కాయల బరువంతా లాగుతున్నా ఆయన వేసిన ముడి దాని మీద బిగువుగానే ఉంది.