దస్త్రానికి సీలు

"ఉప్పు తక్కువైంది," అన్నాడు లూషస్, చేప ముక్క ఇంకా నోట్లో ఉండగానే.

ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు. పొద్దున ఆరింటి నుంచి నిలబడి నలభై పౌన్ల పెర్చ్ చేపలు కడిగి, మొక్కజొన్న పిండిలో పొర్లించి, మొదటి వాయి దింపి వెర్నెట్టా పళ్ళెం ముందు పెడితే, ఏదో ఒక వంక పెట్టకపోతే ఆయనగారికి తిన్నది అరగదు. ఆ పిండిలో ఏమేం కలపాలో నేర్పింది అలబామాలో వెర్నెట్టా అమ్మమ్మ. కిన్స్‌మన్ రోడ్డులో షాపు మీద బోర్డు మాత్రం అత్తగారిది, 'ఓరలీ ఫిష్ కార్నర్' అని. ఆ ఓరలీ ఏనాడూ గరిటె పట్టిన పాపాన పోలేదు. లైసెన్సులు కూడా ఆవిడ పేరు మీదే ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా వంటంతా చేస్తున్న వెర్నెట్టాకి జీతం లేదు. ఒకసారి నోరు తెరిచి అడిగితే, "ఇదంతా నీదేగా బేబీ, నీకు జీతమేంటి?" అని నవ్వాడు.

"మంగళవారం కోర్టుకి ఆ నీలం గౌను వేసుకో. జడ్జి ముందు నోరు జాగ్రత్త," అన్నాడు ఇప్పుడు, ఉప్పు తక్కువైన చేపని ముల్లు దాకా గీకి తింటూ.

ఈమధ్య అతనికి ఆమె కోర్టు పని మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఆమె పాత కేసు దస్త్రానికి సీలు పడితే, అంటే ఇక ఎవరూ తెరిచి చూడకుండా కోర్టు మూసేస్తే చాలన్నట్టు క్యాలెండర్లో రోజులు కొట్టేస్తున్నాడు. వెర్నెట్టాకి ఆ శ్రద్ధ వింతగానే ఉంది. అడగలేదు. సీలు పడటం ఆమెకి ఊపిరి ఆడటంతో సమానం, అడిగి ఉన్నది చెడగొట్టుకోవడం దేనికని ఊరుకుంది.

పందొమ్మిదేళ్ళ కిందటి మాట. కారు ఆమె పేరున ఉంది, నడిపేది అతను. పోలీసులు ఆపి ముందు సీటు అరలో చెయ్యి పెడితే మత్తుమందు పొట్లాలు దొరికాయి. అతనికి అప్పటికే రెండు కేసులున్నాయి, షరతుల మీద బయట తిరుగుతున్నాడు. ప్రశ్నలడిగి ఇంటికి పంపాక, ఆ రాత్రి వంటింట్లో ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "నీ మీద ఒక్క మచ్చ లేదు బేబీ, నిన్ను మందలించి వదిలేస్తారు. నేనైతే ఐదేళ్ళు లోపలే." అత్తగారు గుమ్మంలోనే ఉంది, అంతా విన్నది. "మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యలేనిదానివి పెళ్ళెందుకు చేసుకున్నావే?" అంది. వెర్నెట్టాకి ఇరవై మూడేళ్ళు, ఒళ్ళో ఏడు నెలల పిల్ల. ఆ పొట్లాలు నావే అని కోర్టులో ఒప్పుకుంది. మందలించి వదల్లేదు, నాలుగు నెలలు వేశారు. తిరిగొచ్చేసరికి పిల్ల జోనెల్ తల్లిని చూసి బెదిరి నాయనమ్మ భుజంలో మొహం దాచుకుంది.

అంతా తెలిసిన ఆ అత్తగారే, చర్చి ఆడవాళ్ళు ఇంటికొస్తే గొంతు తగ్గించి, అంటే వంటింట్లోకి స్పష్టంగా వినపడేంత తగ్గించి, "జైలుకెళ్ళొచ్చింది పాపం, మావాడు కాబట్టి ఏలుకుంటున్నాడు," అనేది. ఇక లూషస్ అయితే ప్రతి గొడవలోనూ ఒకటే మాట. "వెళ్ళు, ఎక్కడికెళ్తావో వెళ్ళు! నీ పేరు కంప్యూటర్లో కొడితే ఏమొస్తుందో చూసుకున్నావా? నిన్నెవడు పెట్టుకుంటాడే పనిలో?" ఎంత ధైర్యమో చూడండి, తన మచ్చ ఆమె మొహాన పూసి, మొహం బాలేదని ఎత్తిపొడవడానికి! కానీ ఆ ఎత్తిపొడుపు నిజమే. ఆసుపత్రి వంటశాల, రొట్టెల ఫ్యాక్టరీ, హోటలు, అన్ని చోట్లా చేతి వంట మెచ్చుకున్నారు. పాత రికార్డు తిరగేశాక ఒక్కళ్ళూ మళ్ళీ ఫోను చెయ్యలేదు.

శనివారాలు లైబ్రరీలో ఉచితంగా లాయర్లు కూర్చుంటారని, పాత కేసుల దస్త్రాలు మూయించే కాగితాలు రాసిపెడతారని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నది. వెళ్ళేసరికి వరస మెట్ల దాకా ఉంది. తాతయ్యలు, ముఖానికి మాస్కులు పెట్టుకున్న ఆడవాళ్ళు, అందరి చేతుల్లోనూ మడతలు నలిగిపోయిన కాగితాలు. ఇంతమందా! అనుకుంది. ఒంటరిదాన్నని ఇన్నేళ్ళూ ఏడ్చానే అనుకుంది. లాయరు హలాస్, జుట్టు నెరిసిన సన్నటి మనిషి, ఆమెని కూర్చోబెట్టి వివరాలు అడిగింది. వెర్నెట్టా జీవితంలో మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పింది.

హలాస్ రాయడం ఆపేసింది. "ఈ మాట జడ్జి దగ్గర అనకండి," అంది నెమ్మదిగా. "అది తప్పెవరిదో తేల్చే రోజు కాదు, మీరు మారారని చూపించే రోజు. నాది కాదు అన్నవాళ్ళకి సీలు పడకుండా పోవడం నేను చూశాను. తప్పు చేశాను, సిగ్గుపడుతున్నాను అనండి. అంతే చాలు."

అంటే, చెయ్యని పని మచ్చ పోవాలంటే, చేశానని ఇంకోసారి ఒప్పుకోవాలి. ఏం న్యాయమమ్మా ఇది! అయినా వెర్నెట్టా ఆ రెండు మాటలూ వల్లె వేసింది. చేపలు తిరగేస్తూ, అత్తగారి దుప్పట్లు మడతపెడుతూ, అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ. తప్పు చేశాను, సిగ్గుపడుతున్నాను. ఆదివారానికల్లా నాలుక దానంతటదే పలికేంతగా వచ్చేశాయి.

మంగళవారం కోర్టు గదిలో చివరి బెంచీ మీద లూషస్ చర్చి సూటులో, పక్కన ఓరలీ పెద్ద టోపీలో కూర్చున్నారు. జడ్జి వయసు మళ్ళిన ఆడమనిషి. కళ్ళద్దాల మీద నుంచి వెర్నెట్టాని చూసింది.

"ఈ దస్త్రం మూసేస్తే మీరు మళ్ళీ అలాంటి పని చెయ్యరని నాకేంటమ్మా నమ్మకం? ఆ రోజు జరిగినదాని గురించి ఇవాళ ఏమనుకుంటున్నారు?"

వల్లె వేసిన మాటలు నాలుక చివరికొచ్చాయి. ఎందుకో ఒక్కసారి వెనక్కి చూసింది. లూషస్ పెదాలు కదులుతున్నాయి. బడి నాటకంలో పిల్లకి అందించినట్టు, తప్పు చేశాను అనమని అందిస్తున్నాడు! సీలు పడకపోతే ఈ మనిషి కింద చచ్చేదాకా చేపలు వేయించాలని తెలుసు. అయినా వెర్నెట్టాకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే భయం ఎటో పోయింది.

"యువరానర్, ఆ రోజు ఇంకొకళ్ళ సరుకు నాదేనని ఈ కోర్టులోనే చెప్పాను. భయపడి చెప్పాను, అదే ప్రేమనుకుని చెప్పాను. నేను చేసిన తప్పు అది. ఇంకెప్పుడూ చెయ్యను."

పక్కన హలాస్ కళ్ళు మూసుకుంది. వెనక బెంచీ కిర్రుమంది.

"ఆ ఇంకొకళ్ళెవరో చెప్తారా?" అంది జడ్జి.

"అది తేల్చడానికి రాలేదండి. నా పేరు నేను వెనక్కి తీసుకుపోదామని వచ్చాను."

జడ్జి కాగితాలు తిరగేసింది. ప్రభుత్వ లాయరుని అడిగితే అతను లేచి, "పందొమ్మిదేళ్ళలో కనీసం ట్రాఫిక్ చలానా కూడా లేదు యువరానర్. మాకు అభ్యంతరం లేదు," అన్నాడు. జడ్జి సంతకం పెట్టింది.

"ఇకనుంచి ఎవరన్నా ఉద్యోగం ఇచ్చేముందు నేరం ఏమన్నా ఉందా అని అడిగితే లేదని చెప్పండి. అది అబద్ధం కాదు, ఇప్పుడు చట్టం కూడా అదే అంటోంది. వెళ్ళిరండమ్మా."

హలాస్ ఆమెని గట్టిగా వాటేసుకుంది. "నా మాట వినలేదు మీరు. వినకపోవడమే మంచిదైంది," అంది.

వరండాలోకి రాగానే లూషస్ ఎదురొచ్చాడు. "చంపావు పో! పేరు చెప్పేస్తావేమోనని చెమటలు పట్టాయి. పోన్లే, పని అయింది." కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "లీ రోడ్డులో రెండో షాపు, బీరు లైసెన్సుతో సహా. నా పేరు మీద చచ్చినా ఇవ్వరు, అమ్మకి వయసైపోయింది. నువ్వు ఇప్పుడు కడిగిన ముత్యానివి బేబీ. ఇక్కడో సంతకం పడెయ్."

ఓహో, శ్రద్ధ ఇందుకా! వెర్నెట్టాకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది, వరండాలో వాళ్ళంతా తిరిగి చూసేలా.

"ఒకసారి నీ సరుకుకి నా పేరిచ్చాను లూషస్. ఇంకోసారి ఇవ్వను. ఇంటికి కూడా రాను. మా అక్క దగ్గరుంటాను, జోనెల్‌కి నేనే ఫోను చేసి చెప్తాను."

"నీకేమన్నా పిచ్చా? మొగుడన్నాక..."

"మరి శుక్రవారం రద్దీకి చేపలెవరు వేయిస్తారే?" అని అడ్డొచ్చింది ఓరలీ. టోపీ పక్కకి జారిపోయింది.

"బోర్డు మీద పేరు మీదేగా మిస్ ఓరలీ," అంది వెర్నెట్టా. మెట్లు దిగి, వచ్చిన బస్సు ఎక్కేసింది.

కాలేజీ మెస్‌కి పెద్ద వంటమనిషి కావాలన్న ప్రకటన ఆమె పది రోజుల కిందటే చూసింది. ఆ కాలేజీ ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి ఫారం ఇచ్చింది. పేరు రాసింది. అక్క చిరునామా రాసింది. వంటలో అనుభవం అన్నచోట పద్నాలుగేళ్ళు అని పెద్ద అక్షరాలతో రాసింది. కింద ఒక ప్రశ్న, పక్కన రెండు గళ్ళు. ఎప్పుడైనా నేరం రుజువై శిక్ష పడిందా? అవును, లేదు. పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఫారంలోనూ ఒకే గడిలో పడ్డ చెయ్యి, ఆమెని అడక్కుండానే 'అవును'లో టిక్కు పెట్టేసింది. కింద గీత మీద ఏ సంవత్సరమో కూడా సగం రాసేసింది.

రాసింది చూసుకుని పెన్ను ఆపింది. లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

"ఇంకో ఫారం ఇవ్వమ్మా, ఇందులో అబద్ధం రాశాను."

"పర్లేదు మ్యామ్, కొట్టేసి పక్కన రాయండి."

"కొట్టివేతలు వద్దమ్మా," అంది వెర్నెట్టా. "నాకు కొత్తదే ఇవ్వు."