పితికే వరసలో పెద్దావిడ

మా బావగారు శుభ్రమైన మనిషి. ఆ శుభ్రంతోనే నా ప్రాణాలు తోడేస్తున్నారు.

బావగారంటే మా ఆయన అన్న. ఆయనకి ఏడు ఆవులున్నాయి. ఆ పాలన్నీ మాకే వస్తాయి, వాటితో నేనూ మా ఆయనా చీజ్ చేసి దుకాణాలకి వేస్తాం. పాలు పితికేముందు బావగారు బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, మెత్తటి తెల్లగుడ్డ ముంచి పిండి, ఆవు పొదుగుని చంటిపిల్ల మొహం తుడిచినంత నెమ్మదిగా తుడుస్తారు. ఒకటయ్యాక ఇంకొకటి. అదే బకెట్టు, అదే గుడ్డ. కొట్టంలో నేలమీద వడ్డించుకుని తినొచ్చు. చెప్పులు బయట విడవకపోతే నన్ను కూడా గడప దాటనివ్వరు. అలాంటి మనిషికి "మీ పాలు బాగాలేవు" అని చెప్పడం కంటే పులి మీసం పట్టుకుని లాగడం నయం.

కానీ చెప్పక తప్పలేదు. నెలరోజులుగా నా చీజ్ గడ్డకట్టడం లేదు. పాలు వెచ్చబెట్టి, గడ్డకట్టించే రెన్నెట్ కలిపి, కాసేపాగి కత్తి పెట్టి కోస్తే గడ్డ నున్నగా విడిపోవాలి. విడిపోదే! కత్తికి అంటుకుని జావలా జారుతుంది. విరుగుడు నీళ్ళు తేటగా రావలసింది తెల్లగా వస్తాయి. అంటే చీజ్‌లో ఉండాల్సిన సరుకంతా కాలవలోకి పోతోందన్నమాట. మొదట రెన్నెట్‌ని తిట్టుకున్నాను. తర్వాత థర్మామీటర్ మార్చాను. ఆ తర్వాత మా ఆయన్ని తిట్టాను, ఎలాగూ ఎదురుగానే ఉంటారు కాబట్టి. చివరికి ఇంకోచోటి నుంచి ఒక క్యాన్ పాలు తెప్పించి చేస్తే గడ్డ అద్దంలా నిలిచింది. అప్పుడు తెలిసింది ఎవరిని తిట్టాలో. కానీ ఆయన్ని తిట్టే వరస కాదు నాది.

"మీరు చెప్పండి, మీ అన్నే కదా" అన్నాను మా ఆయనతో.

"చెప్తాలే. సమయం చూసి చెప్పాలి."

మా ఆయన గోడమీద పిల్లి. ఆయన చూస్తున్న ఆ సమయం మా పెళ్ళైనప్పటి నుంచీ రాలేదు. విసిగిపోయి నేనే వెళ్ళాను.

బావగారు నా మాట విని నవ్వారు. "పాలు బాగాలేవా? మొన్ననే పాల సెంటర్లో మిషన్ మీద పెట్టించానమ్మా. ప్రోటీన్ పెరిగింది! ఎప్పుడూ లేనంత. కావాలంటే మీ అక్కనడుగు."

అక్క అంటే ఆయన భార్య, నా తోడికోడలు. "అవును, పెరిగిందిట" అంది పాలక్యాను తోముతూ. "పక్కింటివాళ్ళకి చెప్పారు. దారినపోయేవాళ్ళని ఆపి మరీ చెప్పారు. ఇంక ఆవులకే చెప్పలేదు."

"ప్రోటీన్ పెరిగితే చీజ్ ఇంకా బాగా రావాలి కదా" అన్నారు బావగారు, భార్య మాట వినపడనట్టు. "రావట్లేదంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకోమన్నారు! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది నేను చేత్తో పట్టుకుని చూపించినా, అది కాలు కాదు, తోక అంటారు.

ఇక్కడ ఆవుల సంగతి కొంచెం చెప్పాలి. కొట్టంలో మొదటి స్థానం ఒక పెద్ద ఎర్రావుది. పితకడం దానితోనే మొదలు. ఇంకో ఆవు దగ్గర ముందు కూర్చుంటే కప్పు ఎగిరిపోయేలా అరుస్తుంది. అందరం దాన్ని పెద్దావిడ అంటాం. "ఈ ఇంట్లో పెద్దావిడంటే నేను కాదు, అదే" అంటుంది మా అక్క. పెద్దావిడ కూతురు, పిల్లది, ఈమధ్యే తొలిచూలు ఈనింది. ఇన్నాళ్ళూ దూడతో వేరే పాకలో ఉంది. మర్నాటి నుంచి తల్లి తర్వాత రెండో స్థానం దానిదేనని బావగారు ప్రకటించేశారు. పెద్దావిడకి వయసు మీదపడుతోంది. ఆ కొట్టం నిలబడాలన్నా, నా చీజ్ నిలబడాలన్నా ఇకముందు పిల్లదే దిక్కు. దాని పొదుగు పాడైందా, రెండిళ్ళకీ అయిపోయినట్టే.

అందుకే ఎవరినీ అడక్కుండా ఆ సాయంత్రమే పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చాను. మా ఆయన కూడా వచ్చారు, ఎవరి వైపూ నిలబడకుండా సరిగ్గా గుమ్మం మధ్యలో నిలబడ్డారు.

డాక్టరమ్మ దగ్గర నాలుగు గుంటలున్న ఒక ప్లేటు ఉంది. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కాసిని పాలు పిండి, ఊదారంగు మందు కలిపి ప్లేటుని గుండ్రంగా తిప్పింది. పెద్దావిడ పాలు చూస్తుండగానే చిక్కబడి, గుడ్డు తెల్లసొనలా సాగాయి.

"చూశావా!" అన్నారు బావగారు నా వైపు తిరిగి. "ఎంత చిక్కగా ఉన్నాయో! ప్రోటీనంటే అదీ!"

పాలు సాగితే పొదుగులో రోగమున్నట్టేనని డాక్టరమ్మ దారిలోనే నాకు చెప్పింది. కట్టుకొయ్యకి తల కొట్టుకోవాలనిపించింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఈయన కట్టేసి, దానికి పేరు కూడా పెట్టేశారు.

మిగతా ఆవుల పాలు కూడా కాస్తో కూస్తో సాగాయి. చివర్న పిల్లదాని పాలు. నాలుగు గుంటల్లోనూ నీళ్ళలా పల్చగా తిరిగాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. బావగారి మొహం చిన్నబోయింది.

"పాపం, దీనికింకా బలం చాలట్లేదు. దాణా పెంచుతాను" అన్నారు.

"పెంచకండి" అంది డాక్టరమ్మ. "ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నది ఇదొక్కటే. మిగతావాటికి పొదుగువాపు. పైకి వాపు కనపడని రకం."

"మరి ప్రోటీన్ పెరిగింది కదండీ!"

"పొదుగులో రోగం చేరితే రక్తంలో ఉండే ప్రోటీన్లు పాలల్లోకి దిగుతాయి. మిషన్ అన్నిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. చీజ్ గడ్డకట్టడానికి కావలసింది కేసీన్ అనే ప్రోటీన్. అది తగ్గిపోతుంది. ఉన్నది కూడా పొదుగులోనే చితికిపోతుంది." ఆవిడ చూపు బకెట్టు మీద పడింది. "ఈ ఒక్క గుడ్డతోనే అన్నిటినీ తుడుస్తారా?"

"రోజూ ఉతుకుతాను" అన్నారు బావగారు గర్వంగా.

"రోజుకొకసారి ఉతికి ఏం లాభం? ఒకదాని పొదుగు మీది రోగం ఇంకోదానికి చేరవేస్తున్నది ఇదే. ఆవుకో గుడ్డ పెట్టండి. ఒక్కొక్కటి అయ్యాక చేతులు కడుక్కోండి. బాగున్నదాన్ని ముందు పితకండి, జబ్బున్నవాటిని తర్వాత. ఈ ఎర్రావుని అన్నిటికంటే చివర. మందు ఇస్తాను, అది వాడినన్నాళ్ళూ ఆ పాలు పారబొయ్యండి. వెనక ఎడమ చన్ను మాత్రం మళ్ళీ బాగుపడుతుందని నేను చెప్పలేను."

ఆవిడ వెళ్ళిపోయింది. గుడ్డల మాట బావగారికి నచ్చింది. శుభ్రానికి ఇంకో అవకాశం కదా! అప్పటికప్పుడు కొత్త తువ్వాలు ముక్కలు చేసి, గుర్తుకి అంచుల్లో రంగుదారాలు కుట్టమని అక్క ముందు పోశారు, గోడకి వరసగా మేకులు కొట్టారు. కానీ వరస మార్చే మాట దగ్గరికొచ్చేసరికి మేకులు కొట్టడం ఆపేశారు.

"పెద్దావిడని చివర్న పెట్టడం కుదరదు."

"ఎందుకు కుదరదు బావగారూ?"

"అదేమనుకుంటుంది? ఈ కొట్టంలో మొదటి ఆవు అది. దాని పాలతోనే ఇల్లు గడిచింది. ఇప్పుడు జబ్బు చేసిందని వెనక్కి నెట్టేస్తామా? గుడ్డలు మారుస్తున్నాం, చాలు."

"డాక్టరమ్మ రెండూ చెయ్యమంది."

"డాక్టరమ్మకేం తెలుసు దాని సంగతి? అసలే ఈమధ్య కోపం పెరిగింది. వెనక చన్ను ముట్టుకుంటే తన్నుతోంది. చివరికి నెడితే ఇంకేమైనా ఉందా? పాలిచ్చే ఆవు తన్నినా భరించాలన్నారు. నేను భరిస్తున్నాను."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నారు. అంతే, నా ఓపిక అక్కడితో సరి.

"అది కోపం కాదు, నొప్పి!" అని అరిచాను. "నోరు లేదు కాబట్టి కాలితో చెప్తోంది. నెలరోజులుగా చెప్తోంది మీకు! మీరేమో భరిస్తున్నానంటున్నారు. భరిస్తున్నది అది, మీరు కాదు. రేపు దాన్ని పితికిన చేతులతోనే పోయి పిల్లదాన్ని పితుకుతారు. తల్లి రోగం కూతురికి మీరే అంటిస్తారు, మీ చేతులతో మీరే! అప్పుడు తుడవండి, ఎన్ని గుడ్డలతో తుడుస్తారో!"

కాపురానికి వచ్చాక ఆయన ముందు నేను గొంతు పెంచడం అదే మొదలు. బావగారు సుత్తి కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

దారిలో మా ఆయన అన్నారు, "అంత మాట అనకుండా ఉండాల్సింది. మెల్లగా చెప్తే పోయేది."

"మెల్లగా చెప్పే మనిషి మీరే కదా, నోట్లో ఏం పెట్టుకున్నారు ఇంతసేపూ?"

అన్నాను కానీ, కోపం దిగాక దిగులు పట్టుకుంది. అన్న మాటలో తప్పు లేదు. అన్న తీరు మాత్రం, ఒక పెద్దమనిషిని పట్టుకుని ఆయన ప్రాణంగా చేసుకునే పనిని బురదలో పడేసినట్టుంది. పైగా అదంతా దున్నపోతు మీద వానే అయి ఉంటుందనుకున్నాను. పొద్దున్న వరస మారదు, పిల్లదానికి అంటుకుంటుంది, మళ్ళీ నేనే చెడ్డదాన్నవుతాను.

పొద్దున్నే ఖాళీ క్యాన్లు పట్టుకుని బయలుదేరాను. వీధి మలుపు తిరగ్గానే పెద్దావిడ అరుపు వినపడింది. మామూలు అరుపు కాదు, ఊపిరి తీసుకోకుండా అరుస్తోంది. పరుగులాంటి నడకతో వెళ్ళి, చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాను.

బావగారు పిల్లదాని దగ్గర కూర్చుని ఉన్నారు. పితకడం దానితోనే మొదలుపెట్టారు.

పెద్దావిడ తాడు తెగేలా గుంజుతోంది. అది అరిచినప్పుడల్లా ఆయన భుజాలు ముడుచుకుంటున్నాయి. తల మాత్రం ఎత్తడం లేదు. పిల్లదాన్ని ముగించి, చేతులు కడుక్కుని, మేకు మీంచి ఇంకో గుడ్డ తీసుకుని తర్వాతి ఆవు దగ్గరికి వెళ్ళారు. అలా అన్నీ అయ్యాక చివర్న ఎర్రదారం కుట్టిన గుడ్డ తీసుకుని పెద్దావిడ దగ్గరికొచ్చారు. అది మొహం పక్కకి తిప్పేసుకుంది. ఎంత నిమిరినా పాలు చేపలేదు, చుక్క కూడా దిగనివ్వలేదు. వెనక ఎడమ చన్ను మీద చెయ్యి వెయ్యబోతే కాలు ఎత్తింది. ఆయన చెయ్యి తీసేశారు.

"నొప్పా?" అని అడిగారు దాన్ని. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు, "శుభ్రం చేస్తున్నాననుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

నెలరోజులుగా ఈ ఒక్క మాట కోసం పళ్ళు కొరుక్కుంటున్నాను. తీరా విన్నాక నాకు ఏడుపొచ్చింది.

"దానికి నా పేరు చెప్పండి బావగారూ" అన్నాను. "చివరికి నెట్టింది నేనేనని చెప్పండి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత దాని మెడ మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి చెప్పడం మొదలుపెట్టారు. ఇదంతా మా మరదలి నిర్వాకమేనని, చెప్పాపెట్టకుండా డాక్టరమ్మని తెచ్చిందని, చిన్నంతరం పెద్దంతరం లేకుండా అరిచిందని. పనిలో పనిగా నా చీజ్‌లో ఉప్పు ఎక్కువని కూడా చెప్పారు. ఆ మాట దగ్గర పెద్దావిడ చేపింది.

ఆ పాలు ఎలాగూ పారబొయ్యాల్సినవే. అయినా ఆయన నొప్పి తగలకుండా, చివరి చుక్క దాకా పితికారు. నేను బకెట్టు పట్టుకుని కూర్చున్నాను.