వీపు మీది రంపపు పొట్టు

చలినిద్రలో ఉన్న నేల ఉడుత మధ్యలో మేలుకుందో లేదో తెలుసుకోవడానికి ఆ ల్యాబ్‌లో ఒక పాత పద్ధతి ఉంది. దాని వీపు మీద చిటికెడు రంపపు పొట్టు చల్లి కోల్డ్‌రూమ్ తలుపు వేసేస్తారు. తిరిగి చూసేసరికి పొట్టు అలాగే ఉంటే ఉడుత కదలనట్టు, రాలిపోయి ఉంటే లేచినట్టు. చల్లడం, చూడడం, రిజిస్టర్‌లో రాయడం జంతువుల గది చూసుకునే అమ్మాయి పని. ఆ ఒక్క విషయంలో ప్రొఫెసర్ కూడా ఆమె మాటే వినాలి.

పరిశోధన మాత్రం అక్కది. తోడబుట్టిన అక్కేం కాదు, ల్యాబ్‌లో సీనియర్. చేరిన కొత్తలో ఆమె రీడింగులు తప్పు రాస్తుంటే అందరూ నవ్వారు. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది అక్కే. ఆమె చేతిలో గాజు పరికరం పగిలిన రోజు నింద తన నెత్తిన వేసుకున్నదీ అక్కే.

మెలకువగా ఉన్న ఉడుతకు మార్ఫిన్ ఇస్తే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతోంది. చలినిద్రలో ఇచ్చినా అవుతుందా? ఐదేళ్ళుగా అక్క ఈ ప్రశ్న పట్టుకునే వేలాడుతోంది. అవుతుందనే ప్రొఫెసర్ నమ్మకం. ఏడు ఉడుతల పుర్రెల్లో సన్నటి గొట్టాలు దింపి చూశారు. ఏమీ పెరగలేదు. గొట్టం సరైన చోటే దిగిందో లేదో తేల్చడానికి ఏడింటినీ చంపి మెదడు కోశారు. ఈ చలికాలం కూడా ఉత్తదే అయితే అక్క స్కాలర్‌షిప్ ఆగిపోతుంది.

ఎనిమిదో ఉడుత రోజున, పక్కగదిలో తెర మీద సెరొటోనిన్ గీత అమాంతం లేచింది.

"వచ్చిందే! చూడవే, వచ్చేసింది!" అక్క ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది.

ఆమె కోల్డ్‌రూమ్‌లోకి వెళ్ళింది. పొట్టు అంతా పెట్టె అడుగున రాలి ఉంది. ఉండలా చుట్టుకున్న ఒళ్ళు విప్పుకుని ఉడుత ముక్కు కదిలిస్తోంది. వేలు ఆనిస్తే వెచ్చగా తగిలింది.

"అక్కా, అది లేచిపోయింది."

అక్క ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ఎవరు చూశారు?" అంది.

"నేను చూశాగా."

"నువ్వేగా. ఉంది అని రాయి. రెండక్షరాలు. నీ సొమ్మేం పోదు కదే."

ఇంతలో మఫ్లర్ చుట్టుకుని ప్రొఫెసర్ వచ్చాడు. చలి పడదు కాబట్టి కోల్డ్‌రూమ్ గుమ్మం దాటడు.

"ఏమ్మా, పొట్టు ఉందా?"

అక్క నేల చూపులు చూస్తోంది.

"ఉంది సార్," అందామె.

"శభాష్! కానీ ఒక్కదాన్ని చూపిస్తే ఎవడు నమ్ముతాడు? ఇంకో ఇరవై ఉడుతలు తెప్పిస్తాను. దీన్ని ఇప్పుడే కోసి చూడండి."

ఉడుతను కోతకు ఆమే తీసుకెళ్ళి ఇచ్చింది. అరచేతిలో అది గిజగిజలాడింది.

సాయంత్రం ఇరవై ఖాళీ పెట్టెలు కడుగుతుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"వీటిలో మళ్ళీ రాకపోతే నా గతేంటే?"

"ఎందుకు రాదు? నిద్రపోయేవాటిని లేపడం ఎంతసేపు? తలుపు నాలుగుసార్లు దడాలున వేస్తే అవే లేస్తాయి," అందామె, తలెత్తకుండానే.

అక్కకు ఉక్రోషం వస్తుందనుకుంది. కనీసం ఏడుస్తుందనుకుంది.

అక్క కోల్డ్‌రూమ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆ చప్పుడు సార్ గదిలోకి వినపడదు కదా?"