ఎర్ర టిక్కు తోక

పదకొండో కట్ట దారం విప్పి, కార్డులను బల్లమీద రెండుసార్లు తట్టి అంచులు కలిపింది ఎర్ర పెన్సిలమ్మ. నిఘంటువు కార్యాలయంలో ఆమెను అందరూ పిలిచే పేరు అదే. ఇతరులు రాసిన అర్థాలనూ ఉదాహరణ వాక్యాలనూ సరిచూసి, బాగున్నవాటికి టిక్కు పెట్టడం, లేనివాటిని కొట్టివేయడం ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగం. కుడిచేతి మధ్యవేలు పెన్సిలు ఒత్తిడికి గింజంత కాయ కాచింది.

ఎదుటి బల్ల ఉదాహరణలు రాసే అక్కది. ఈ సాయంత్రంతో ఆమెకు ఉద్యోగ విరమణ. ఆమె వాక్యాలను సంపాదకుడు గది గదికీ తిరిగి చదివి వినిపించేవాడు. "మాటకు ప్రాణం పోస్తుందండీ ఈవిడ!" అనేవాడు. విన్నప్పుడల్లా పెన్సిలమ్మ కడుపు భగ్గుమనేది. టిక్కును ఎవరు చదివి వినిపిస్తారు?

"అమ్మాయ్, నా ఆఖరి కట్ట అది. కాస్త చూసీచూడనట్టు పోనివ్వు," అంది అక్క, సొరుగు ఖాళీ చేస్తూ.

"తప్పులుంటే రేపు పొద్దున్నే పిలిపిస్తా."

"పిలిచి చూడు. దుప్పటి ముసుగు తీస్తే ఒట్టు!"

తొమ్మిదో కార్డు 'యునీక్', తెలుగులో వాడుకైన ఇంగ్లీషు విశేషణం. అర్థం: తనవంటిది మరొకటి లేనిది. 'చాలా', 'కొంచెం' చేర్చి వాడరాదని కింద సూచన. వంక పెట్టడానికి లేదు. ఉదాహరణ: 'ఆమె ఎర్ర టిక్కు యునీక్, దాని తోక కార్డు అంచు దాటి బల్లమీదికి పాకుతుంది.'

పెన్సిలమ్మ కార్డు పక్కకు జరిపింది. చెక్కమీద ఇరవై రెండేళ్ల ఎర్రగీతలు, దువ్విన జుట్టులా, అన్నీ ఒకవైపే వాలి ఉన్నాయి. ఇన్నాళ్లూ తన కంటికి ఆననే లేదు.

ముందు ఆ గీతలను వేలికొసతో తడిమింది. ఆ వెనకే పాత మంట. తన గురించి పుట్టిన ఒకే ఒక్క మంచి వాక్యం, అదీ అక్క చేతిలోనే పుట్టాలా? అచ్చయితే సంపాదకుడు మళ్లీ గది గదికీ తిరుగుతాడు. పొగిడేది టిక్కును కాదు, వాక్యం రాసిన చేతిని.

నియమం సిద్ధంగానే ఉంది: ఏ ఒకరిద్దరికో తెలిసిన సంగతి ఉదాహరణకు పనికిరాదు. స్కేలు పెట్టి కొట్టివేసింది. పైన తానే రాసింది: 'ప్రతి మనిషి వేలిముద్ర యునీక్.' ఆ గదిలో ఏ నిఘంటువు తెరిచినా ఉండే వాక్యం.

అక్క సంచీ భుజాన వేసుకుని వచ్చి కార్డుమీదికి వంగింది.

"కొట్టేస్తావని తెలుసులే," అంది. "చదివావుగా. చాలు."

మెట్లమీద చెప్పుల చప్పుడు కిందికి దిగి, వీధిలో కలిసిపోయింది.

పెన్సిలమ్మ కొత్త వాక్యానికి టిక్కు పెట్టింది. తోకను అంచులోపలే ఆపాలని మణికట్టు బిగబట్టింది. ఆగలేదు. బల్ల చెక్కమీద, పాత గీతల పక్కన, వాటివైపే వాలి, కొత్త ఎర్రగీత ఒకటి.