బోర్లించిన గ్లాసు

టిప్పు ఎంత ఇచ్చారన్నది నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఎలా ఇచ్చారన్నదే చూస్తాను. చిల్లర బల్లమీద గిరాటేసి పోయేవాళ్ళుంటారు. నోటు వేళ్ళమధ్య ఆడిస్తూ మన మొహంలో నవ్వు వచ్చేదాకా ఇవ్వనివాళ్ళుంటారు. న్యూ ఆర్లీన్స్ చూడ్డానికి వచ్చి మా బారులో దూరేవాళ్ళలో ఇలాంటి మహానుభావులకు కొదవలేదు. ఎవరిస్త్ మెలాన్సన్ ఆ బాపతు కాదు. మొదటి గుక్క తాగగానే నోటును పొడుగ్గా మడిచి, కొస మాత్రం బయటికి కనబడేట్టు గ్లాసు అడుగున పెట్టేవాడు. ఆ తర్వాత దాని సంగతే మర్చిపోయినట్టు కూర్చునేవాడు.

అతను గుమ్మం దాటేదాకా మేమూ దాన్ని ముట్టుకునేవాళ్ళం కాదు. మనిషి కూర్చుని ఉండగా టిప్పు ఎత్తడమంటే ‘ఇక లేచి పో’ అని మెడపట్టి గెంటడమే. తెలియక ఆ పని చేసిన కొత్త కుర్రాళ్ళను నేను చెడామడా తిట్టాను. ఒకణ్ణి పనిలోంచే తీసేశాను.

మెలాన్సన్ మా వీధిలోనే క్లారినెట్లు బాగుచేసేవాడు. సన్నటి పొడుగాటి వేళ్ళు. ఎంత బిగిసిపోయిన మరనైనా గీత పడకుండా విప్పేవాడు. రోజూ మధ్యాహ్నం ఎండ మా కిటికీ వదిలి ఎదుటి గోడ ఎక్కే వేళకు వచ్చి, చివరి స్టూలు మీద కూర్చుని ఒక్క సాజరాక్ తాగేవాడు. అది కలిపేది జెలీ. జెలీ నా మరదలు, మా ఆవిడ క్లియోనీస్‌కి చెల్లెలు. సాజరాక్ కలపడంలో మా ఊళ్ళో ఆమెకు సాటి లేదని నేను ఎవరిముందైనా అంటాను. ఒక గ్లాసులో ఐసు వేసి చల్లబరిచేది. ఇంకోదాంట్లో పంచదార బిళ్ళ మీద ఎర్రటి చేదుచుక్కలు వేసి నలిపి, రై విస్కీ పోసి కలిపేది. చల్లబడ్డ గ్లాసులో ఐసు పారబోసి, సోంపు సారా రెండు చుక్కలు వేసి, గోడలంతా తడిసేలా తిప్పి, దాన్నీ పారబోసేది. వాసన మిగలాలి, సారా మిగలకూడదు. అందులోకి విస్కీ వడగట్టి, పైన నిమ్మతొక్క మెలిపెట్టి అతని ముందు పెట్టేది. పెట్టేటప్పుడు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు. చూసుకోకపోవడం చూస్తేనే అందరికీ తెలిసిపోయేది.

మెలాన్సన్‌కి ఇంకో అలవాటు ఉండేది. వారమంతా తన టిప్పు ఎవరు తీసుకుంటే, శుక్రవారం వాళ్ళకొక గ్లాసు పోయించేవాడు. మా దగ్గర ఎవరైనా మీకు తాగించదలిస్తే మీ ముందు చిన్న గ్లాసు బోర్లిస్తారు. మీ తర్వాతి గ్లాసుకు డబ్బు కట్టేశారని దానర్థం. దాన్ని కాదనడం ఉండదు. బల్ల వెనక నిలబడి పనిచేసే మేమైతే, డ్యూటీ దిగి, ఏప్రన్ విప్పి, అటువైపు వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చుని తాగాలి. ఏప్రన్ ఒంటిమీద ఉన్నంతసేపూ తాగమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అతని టిప్పు తీసుకునేది ఎప్పుడూ జెలీయే కనుక, ప్రతి శుక్రవారం సాయంత్రం జెలీ ఏప్రన్ విప్పి అతని పక్కన కూర్చునేది. మార్డీ గ్రా పండగ వెళ్ళాక పెళ్ళి అనుకున్నారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, సగం తాగాక మెలాన్సన్ సిగరెట్టు కాల్చుకోవడానికి లేచాడు. గ్లాసు కింది గుండ్రటి అట్ట తీసి గ్లాసు మీద మూతలా పెట్టాడు. అంటే ‘మళ్ళీ వస్తాను, తీయకండి’ అని.

“ఇప్పుడే వస్తా జెలీ” అన్నాడు.

రెండు గుమ్మాల అవతల పేవ్‌మెంటు మీద కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికే అంతా అయిపోయింది, సిగరెట్టు మాత్రం ఇంకా కాలుతోంది.

బాజాలతో ఊరేగించి పాతిపెట్టి వచ్చాక జెలీ ఏప్రన్ కట్టుకుంది. నేను ఆ గ్లాసు తీయబోతే చెయ్యి పట్టుకుంది.

“మూతుంది బావా.”

“ఉంటే ఉంది. ఇంకెవరొస్తారే దానికోసం?”

“మూతున్న గ్లాసు తీస్తే చెయ్యి విరగ్గొడతానన్నది ఎవరు? నువ్వు కాదూ?”

అవును, నేనే. నా మాట నాకే అప్పజెప్పింది. ఏడిస్తే బాగుండును, ఏడవలేదు. పాపం, ఆ గ్లాసు ఒక్కటైనా ఉండనిద్దామని ఊరుకున్నాను. మాకు ఆగస్టంటే నడివేసవి. వేసవిలో యజమాని ఊళ్ళో ఉండడు, ఆ రోజుల్లో బారు నా చేతికిందే ఉండేది.

మర్నాటికి గ్లాసు ఖాళీ. ఎండకు ఆవిరైపోయిందన్నాను. జెలీ నా మాట విననట్టే కొత్తగా సాజరాక్ కలిపి, అదే గ్లాసులో పోసి, మడిచిన నోటు మీదే పెట్టి, అట్ట కప్పింది. సాయంత్రానికి అదీ అయిపోయింది. ఆ తర్వాత రోజూ ఇదే వరస. నేను కన్నార్పకుండా చూస్తే చుక్క తగ్గేది కాదు. ఐసు కోసం వెనక్కి తిరిగితే చాలు, ఒక గుక్క దిగిపోయేది. ఎత్తి చూస్తే అట్ట లోపలివైపు తడి. రోజూ వచ్చేవాళ్ళు నన్నే అనుమానించారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, బారులో నిలబడ్డవాడి మాట ఎవడు నమ్ముతాడు? ఊరికి కొత్తవాళ్ళు తెలియక ఆ స్టూలు మీద కూర్చునేవాళ్ళు. కాసేపటికే ఏసీ చలి మరీ ఎక్కువగా ఉందని లేచిపోయేవాళ్ళు. ఆ మూలకు ఏసీ గాలి వెళ్ళనే వెళ్ళదు.

నాకు భయం వేసింది. గ్లాసును చూసి కాదు, జెలీని చూసి. ముంజేతులు పుల్లల్లా అయిపోయాయి. చెయ్యి తగిలితే మంచులో పెట్టి తీసినట్టుండేది. ఒక సోమవారం క్లియోనీస్ ఎర్ర చిక్కుడుగింజలూ అన్నమూ గిన్నెలో పెట్టుకుని వచ్చి, చెల్లెలికి బలవంతాన రెండు ముద్దలు పెట్టింది.

వెళ్తూ నన్ను పక్కకు పిలిచింది. “ఏవయ్యా, దాని జుట్టంతా సోంపు వాసనేస్తోంది, చూశావా? రాత్రి ఎవరితోనో గుసగుసలాడుతోంది. నా చెల్లెలు నా కళ్ళముందే పోయేట్టుంది.”

“చూస్తూ ఊరుకుంటానా?”

“ఊరుకున్నావుగా ఇన్నాళ్ళూ.”

నేను ఖాళీ గిన్నె ఆమె చేతికిచ్చాను.

ఆ శుక్రవారం ఎండ ఎదుటి గోడ ఎక్కే వేళకు బారులో నేనూ జెలీ మాత్రమే ఉన్నాం. నేను నిమ్మకాయలు కడుగుతూ తలెత్తేసరికి జెలీ ముందు చిన్న గ్లాసు బోర్లించి ఉంది.

“నువ్వు పెట్టావా?” అన్నాను.

“నేనే పెట్టుకుంటే దాన్ని మర్యాదంటారా?”

ఆమె నవ్వుతోంది. ఆగస్టు తర్వాత ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. చేతులు వెనక్కి పోయి ఏప్రన్ ముడి వెతుకుతున్నాయి. అటు కూర్చుని ఆ గ్లాసు తాగిందంటే మళ్ళీ ఇటువైపు రాదని నాకు అర్థమైపోయింది.

“డ్యూటీ ఇంకా అయిపోలేదు జెలీ.”

“అయిపోయింది బావా, గడియారం చూడు.”

“నాకు ఒంట్లో బాలేదు. ఇంకాసేపు ఉండవే.”

“దున్నపోతులా ఉన్నావు, నీకేమైంది? అబద్ధమాడ్డం కూడా రాదు నీకు.”

“అతను పోయాడే తల్లీ. మనమే మట్టి వేసొచ్చాం.”

“ఇప్పుడే వస్తానన్నాడు, వచ్చాడు.” చాలా నెమ్మదిగా అంది. “మాట తప్పిన మొగాళ్ళని బోలెడుమందిని చూశా. ఈయన తప్పలేదు.”

ముడి ఊడింది. ఏప్రన్ తీసి మడతపెట్టి బల్లమీద పెట్టి, అటువైపు వెళ్ళడానికి చెక్క పలక ఎత్తింది.

నాకు ఒక్కటే తోచింది. ఈ వృత్తిలో అంతకన్నా నీచమైన పని లేదు. చివరి స్టూలు దాకా వెళ్ళాను. చలి నా ఎముకల్లోకి దిగింది. గ్లాసు ఎత్తి, దాని కింద నోటు లాగి, అతని మొహం ఉండాల్సిన చోటికి చూస్తూ ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.

“సంతోషం మెలాన్సన్ గారూ. ఇక దయచెయ్యండి.”

కాసేపు ఏమీ లేదు. తర్వాత స్టూలు కాళ్ళు నేలమీద గీసుకున్నాయి, పెద్దమనిషి అవమానం దిగమింగి లేచినప్పుడు గీసుకున్నట్టు, మెల్లగా. తలుపు గంట మోగింది. తెరుచుకున్న తలుపులోంచి వీధిలోని వేడంతా ఒక్కసారి లోపలికొచ్చింది.

జెలీ పలక పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“నువ్వా బావా? ఎవడో తాగుబోతుని గెంటినట్టు గెంటేశావు ఆయన్ని.”

అప్పుడు ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకుని, తన ముందున్న చిన్న గ్లాసు, మెలాన్సన్ గ్లాసు రెండూ కడిగి, ఆరబెట్టి, వెళ్ళిపోయింది. మళ్ళీ మా బారు గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు కెనాల్ వీధికి అవతల ఒక హోటల్లో చేస్తోంది. ఒళ్ళు చేసింది, ఆకలేస్తోందట, అక్కతో పోట్లాడుతోందట. నాతో మాత్రం మాట్లాడదు. మాట్లాడకపోయినా బతికుంది, నాకది చాలు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును.

మరుసటి శుక్రవారం నా ముందు గ్లాసు బోర్లించి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నోటు ఎత్తింది అతన్ని పంపేయడానికే. కానీ ఎందుకోసం ఎత్తినా టిప్పు ఎత్తినట్టే, ఎత్తినవాణ్ణి మెలాన్సన్ ఏనాడూ ఊరికే వదల్లేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నోటు తిరిగి బల్లమీద పెడదామంటే, ఇచ్చిన టిప్పు వెనక్కివ్వడం మొహాన ఉమ్మేయడం కింద లెక్క. ఒకసారి అవమానించినవాణ్ణి రెండోసారి అవమానించే ధైర్యం నాకు లేదు. చివరి స్టూలు చుట్టూ మళ్ళీ చలి మొదలైంది. అట్ట కప్పిన గ్లాసేదీ లేదు. ఈసారి అతను తాగడానికి రాలేదు, తాగించడానికి వచ్చాడు.

అందుకే నేను ఏప్రన్ విప్పడం మానేశాను. ఇంటికి దాంతోనే వెళ్తాను, దాంతోనే పడుకుంటాను. మాసిపోతే కొత్తదాన్ని పైన కట్టుకున్నాకే కింద ఉన్నదాన్ని లాగేస్తాను. ఏప్రన్ ఉన్నంతవరకూ నేను డ్యూటీలో ఉన్నట్టే. మెలాన్సన్ మర్యాదస్తుడు, డ్యూటీలో ఉన్నవాణ్ణి తాగమనడు. క్లియోనీస్ మొదట నవ్వింది.

“పెళ్ళినాడు కోటు కూడా ఇంత భక్తిగా వేసుకోలేదు కదయ్యా” అంది. తర్వాత నవ్వడం మానేసింది. ఎందుకని అడగలేదు. చెల్లెలు బతికిందన్న సంగతి ఆమెకు తెలుసు, తక్కినది ఊహించుకుని ఉంటుంది. ఇప్పుడు పొద్దున్నే నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి పాత ముడి మీద ఇంకో ముడి తనే వేస్తోంది.

ఇవాళ శుక్రవారం. ముడి వేయబోతూ చాలాసేపు ఆగింది. నిన్న వేసిన ముడి కోసం నా నడుం వెనక వెతుకుతోందని తెలుస్తూనే ఉంది.

“మూడు ముళ్ళేశానయ్యా నిన్న” అంది. “చేత్తో విప్పలేనంత బిగించాను. ఒక్క దారప్పోగు కూడా లేవకుండా ఎవరు విప్పారు?”

నేను నా భుజం వాసన చూసుకున్నాను. సోంపు.

“ఇంకా గట్టిగా కట్టు” అన్నాను.