సూసన్న సాక్ష్యానికి మూడక్షరాలు

ఆ సోమవారం దోర్కా చేయవలసిన పనులు ఇవి: ఒక పాదిరీగారి పెట్టెలో వచ్చిన, స్పెయిన్ వైపు మాట్లాడే బాస్కు భాష పుస్తకాలకు భాషాసంకేతం వేయడం, హీబ్రూ పుస్తకాలకు వేయడం, రెండింటికీ ఉన్న తేడా ఒక పేజీలో రాసి ఆఫీసు పెద్ద కిరణ్‌కుమార్ సారుకివ్వడం, మామ్మ సాక్ష్యం ఫారం నింపడం, వచ్చేటప్పుడు ఖరగ్‌పూరు ఖరిదా బజారులో నాన్నకు దగ్గుమందు కొనడం.

పాత పుస్తకాలనూ టేపులనూ కంప్యూటరుకెక్కించే చిన్న సంస్థలో దోర్కాకు ఉద్యోగం. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. అక్కడ భాష పేరుకు బదులు మూడు ఇంగ్లీషు అక్షరాలు వేయాలి. తెలుగుకు టి, ఇ, ఎల్.

మామ్మ సూసన్న పోయి పదేళ్ళయింది. శుక్రవారం ఆడవాళ్ళ కూడికలో వంతు వచ్చినవాళ్ళు లేచి, తమ బతుకులో దేవుడు చేసిన మేలు చెప్పాలి. దాన్నే సాక్ష్యమంటారు. మామ్మ చెప్పిన నలభై నిమిషాలను నాన్న సమూయేలు క్యాసెట్టులో పట్టాడు. కిందటి వారం దాన్ని కంప్యూటరుకెక్కించడం పూర్తవుతూనే బూజుపట్టిన టేపు ముక్కలైపోయింది. మామ్మ గొంతు ఇక ఆ ఒక్క ఫైలులోనే ఉంది. నకలు ఇంటికి తీసుకెళ్ళకూడదని రూలు. దోర్కా రూలు తప్పే మనిషి కాదు.

మధ్యాహ్నానికి పేజీ రాసింది. బాస్కుకు మూడక్షరాలవి రెండున్నాయి. ఇంగ్లీషువాళ్ళు పిలిచే పేరును బట్టి బి, ఎ, క్యూ. ఆ జనం తమ భాషను తాము పిలుచుకునే పేరును బట్టి ఇ, యు, ఎస్. హీబ్రూకు మూడక్షరాలది ఒకటే. కొన్నిచోట్ల మూడుకు బదులు రెండక్షరాలే వేస్తారు, హీబ్రూకు అది మాత్రం మారింది. పాతది ఐ, డబ్ల్యూ. ఇప్పటిది హెచ్, ఇ. పాతది వేసినా చాలా కంప్యూటర్లు ఇప్పటికీ గుర్తుపడతాయి.

"పాతపేరు పెట్టి పిలిసినా పలుకుతాదన్నమాట, అత్తోరింట్లో నాలాగ!" అని నవ్వాడు కిరణ్‌కుమార్. "మరి మీ మామ్మదో?"

"అదే తేలట్లేదు సార్. తెలుగే గానీ మధ్యమధ్య బెంగాలీ, హిందీ కలిసినాది."

"ఏటుంటే అదే వెయ్యమ్మా. నిజం రాస్తే తప్పేటి?"

దోర్కా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది. రైల్వే సమ్మెనాటి సంగతి వచ్చింది. "పిల్లలకి గంజి నేదు. తాల్‌బగీచా పేట బెంగాలీ దీదీ కొంగులో మురీలు, మరమరాలన్నమాట, కట్టి తెచ్చినాది. 'ఖేయే నావ్, కేఁదో నా' అన్నాది. తినమ్మా, ఏడవకు అని. దేవుడే ఆ నోట పలికినాడు" అంటోంది మామ్మ.

దేవుడి మాట బెంగాలీలో ఉంటే ఉత్త తెలుగని ఎలా వేస్తుంది? 'అనేక భాషలు' అని అర్థం వచ్చే ఎమ్, యు, ఎల్ వేసింది. మనసు తేలికపడింది.

శుక్రవారం చూస్తే ఫైలు లేదు.

"పై ఆఫీసోళ్ళు ఒకే భాషున్న ఫైళ్ళే తీసుకున్నారు. మిగతా ఫోల్డరు తుడిసేసినారు" అన్నాడు కిరణ్‌కుమార్. "భాష తేలనివి బుధవారంలోగా సరిసెయ్యాలని గోడకి కాగితం అంటించినాను కదమ్మా!"

"సూసినాను సార్. మామ్మది అందులో పడతాదనుకోలేదు."

"తెలుగని వేసేస్తే సరిపోయేది కదా!"

నకలు ఎక్కడైనా మిగిలిందేమోనని ఆయన రెండుచోట్లకు ఫోన్ చేశాడు. లేదన్నారు. మూడోసారి చేయలేదు.

ఇంటికి వెళ్ళేసరికి సమూయేలు గుమ్మంలోనే ఉన్నాడు. "ఏటే, మా యమ్మకి ఏ అచ్చరాలిచ్చినావు?"

దోర్కా వేసిన అక్షరాలూ, ఫైలు పోయిన సంగతీ చెప్పింది.

"బీయే సదివినావు. ఒక్క అబద్దం నేర్సుకోలేకపోయినావు" అన్నాడు. దగ్గు తెర వచ్చింది. మందు పోసిన మూత అందిస్తే మొహం తిప్పుకున్నాడు. మూత పట్టుకుని దోర్కా అలాగే నిలబడిపోయింది.

ఇది చదివినవాళ్ళకు ఒక మనవి. ఖరగ్‌పూరులో సూసన్న అనే ఆమె ఉండేది. ఆకలినాడు మురీలు పెట్టిన మనిషి మాటను ఆ మనిషి భాషలోనే దాచుకుంది. ఆమె గొంతు ఇక ఎక్కడా లేదు. దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.