పద్నాలుగేళ్ళ పిల్ల గెలిచింది

"పది నిమిషాలే కదమ్మా, వెనక్కి జరిపితే ఏం పోతుంది?" అంది మా అత్తగారు, బీన్స్‌కి ఈనెలు తీస్తూ.

శనివారం మధ్యాహ్నం. నేను దోసెల పిండికి నానబోసిన పప్పు కడుగుతున్నాను. జర్మనీలో, గార్చింగ్ అనే ఊళ్ళో మా వంటిల్లు ఎంత ఇరుకంటే ఒకరు ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంకొకరు పక్కకి తప్పుకోవాలి. మా అత్తగారు రత్నకుమారి ఏటా మూడు నెలల వీసా మీద గుంటూరు నుంచి వస్తుంది. వచ్చే బుధవారం తిరుగు ప్రయాణం. ఈలోగా మనవరాలి జాతకం రాయించేసి వెళ్ళాలని పట్టుదల. మనవరాలంటే మా ఈషా. తొమ్మిదేళ్ళది.

ఈషా పుట్టినప్పుడు గుంటూరులో ఎవరో సిద్ధాంతి లెక్కకట్టి అనూరాధ నక్షత్రం అన్నాడు. అందరం సంతోషించాం. ఇప్పుడు కొత్త సిద్ధాంతి గారు మళ్ళీ లెక్క చూసి, మొదటాయన జర్మనీకీ మనకీ మూడున్నర గంటలే తేడా అనుకున్నాడనీ, నవంబరులో అది నాలుగున్నర అనీ, కాబట్టి పిల్లది జ్యేష్ఠ అనీ తేల్చాడు. గడియారాలు తిప్పుకునే దేశంలో పుట్టిన పాపానికి నా కూతురి నక్షత్రం మారిపోయింది. జ్యేష్ఠలో పుట్టిన ఆడపిల్ల బావగారికి, అంటే మొగుడి అన్నకి గండమట. ఇంకా ఎక్కడున్నాడో తెలియని మొగుడు, ఆ మొగుడికో అన్న, ఆ అన్న ప్రాణాల కోసం మా అత్తగారికి రెండు రోజులుగా నిద్ర లేదు.

"అనూరాధ దాటి ఏడు నిమిషాలేనంట. రేపు పదింటికి వీడియోలో ఆయన అడుగుతాడు. తల్లి నోటితోనే చెప్పాలంట. నువ్వు రెండూ నలభై రెండు అను చాలు. మిగతాది ఆయన చూసుకుంటాడు."

ఈషా పుట్టింది మధ్యాహ్నం రెండూ యాభై రెండుకి. అంతకు ముందు పది నిమిషాలూ నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తు. మంత్రసాని చెయ్యి పట్టుకుని, ఇంక నావల్ల కాదు అని తెలుగులో అరుస్తున్నాను. ఆవిడకి భాష రాకపోయినా సంగతి అర్థమై, అవుతుంది, అవుతుంది అని జర్మన్‌లో అంటోంది. మా ఆయన శశికాంత్ కారిడార్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టుకోవడానికి ప్లగ్గు వెతుక్కుంటున్నాడు. రెండూ నలభై రెండుకి నా కూతురు ఇంకా నా లోపలే ఉంది. ఆ పది నిమిషాల నొప్పీ నేను పడ్డాను. దాన్ని చెరిపేస్తే ఏం పోతుందని అడుగుతోంది ఈవిడ, ఈవిడా ఇద్దర్ని కన్నదే.

కాదు అనలేకపోయాను. పప్పు రెండోసారి కడిగాను. ఎందుకంటే నన్ను కూడా జరిపారు.

నేను పుట్టింది ఆశ్లేషలో. ఆశ్లేష పిల్ల అత్తగారికి గండం. సంబంధాలు చూసే కనకయ్య మా ఇంటికొచ్చినప్పుడల్లా కాఫీ తాగి, "అత్తగారు లేని ఇల్లు చూడాలండీ అమ్మాయికి" అని లేచి వెళ్ళిపోయేవాడు. తల్లి పోయిన కుర్రాళ్ళ కోసం మా నాన్న చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. రెండు సంబంధాలు మాటలదాకా వచ్చి నక్షత్రం దగ్గర ఆగిపోయాయి. మూడోసారి, అంటే శశికాంత్ వాళ్ళు వచ్చినప్పుడు, మా అమ్మ నన్ను ఒక రోజు ముందే కనేసింది. పుష్యమి. జాతకాలు చక్కగా కలిశాయి. బడి సర్టిఫికెట్‌లో హెడ్మాస్టరు రాసిన జూన్ తారీకు ఎలాగూ ఎవరూ నమ్మరు కనక కాగితాలతో పేచీ రాలేదు. అప్పట్నుంచీ నా పుట్టినరోజుకి ఒక రోజు ముందు అత్తగారు పాయసం చేయమంటుంది, నేను చేస్తాను. ప్రతి నెలా గుళ్ళో నా పేరున అర్చన చేయిస్తుంది, శ్రీవల్లి, పుష్యమి నక్షత్రం అని. చెడ్డ మనిషి కాదు. అందుకే నాకు ఇంకా కష్టం. ఐదేళ్ళ కిందట ఆవిడకి పిత్తాశయం తీసేసినప్పుడు ఆపరేషన్ గది బయట కూర్చుని, నా వల్లే, నా వల్లే అనుకున్నాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని. ఆవిడ దగ్గితే మిరియాల కషాయం, కాళ్ళు లాగితే నూనె, ఉప్పూ కారం తగ్గించి ఆవిడకి వేరే వంట. కోడలు బంగారం అని చుట్టాలంతా అన్నారు. నేను చేసిందంతా ప్రేమో, భయమో నాకే తెలియదు.

మొదటి పెళ్ళిరోజున శశికాంత్‌కి నిజం చెప్పాను. నవ్వి, "అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు. ఎంత మంచివాడు అనుకున్నాను. తర్వాత నేను పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌లో సగం రోజు బదులు పూర్తి రోజు ల్యాబ్ పని ఇస్తామన్నప్పుడు, ఈషాని ఎవరు చూస్తారన్న దగ్గర మాటామాటా పెరిగింది. మా అత్తగారు హాల్లో సీరియల్ చూస్తోంది. శశికాంత్ నవ్వుతూ గొంతు తగ్గించి, "చెప్పేయనా అమ్మకి?" అన్నాడు. సరదాకే. మా అమ్మ ఆపరేషన్‌కి ఇండియా వెళ్తానన్నప్పుడూ సరదాకే. కారు నడపడం నేర్చుకుంటానన్నప్పుడూ అంతే. ఇన్నేళ్ళుగా ఆ రెండు ముక్కలతో నేను నోరు మూసుకుంటున్నాను. అతనికి పెద్దగా గొంతు పెంచాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు.

డోయినా గురించి చెప్పకపోతే ఆదివారం జరిగింది అర్థం కాదు.

డోయినా మా ఈషాకి జిమ్నాస్టిక్స్ నేర్పే టీచరు. రొమేనియా మనిషి. పొట్టిగా, గట్టిగా, రెండు తుంటి కీళ్ళూ మార్పిడి అయి, ఊగుతూ నడుస్తుంది. ఒకప్పుడు ఐరోపా ఛాంపియన్ అని క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్న పతకం చూస్తేగాని ఎవరూ నమ్మరు. మంగళ, శుక్రవారాలు క్లాసు. మిగతా తల్లులు బయట కాఫీ తాగుతుంటే నేను చాపలు పరవడానికి సాయం చేసేదాన్ని. ఖాళీగా కూర్చుంటే తప్పు చేసినట్టుండే అలవాటు నాది. ఆవిడ అది కనిపెట్టి, "నీకెవరైనా చెప్పారా ఇది చెయ్యమని?" అంది. లేదన్నాను. "మరి కూర్చో" అంది. ఆవిడని నువ్వు అని పిలవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

గనుల ఊళ్ళో పుట్టిందట. ఆరేళ్ళప్పుడు శిక్షకులు బడికొచ్చి ఆడపిల్లలందర్నీ ఒక కడ్డీకి వేలాడమన్నారట. ఆఖరిదాకా వదలని పిల్లని తీసుకెళ్ళారు. "నాకు దిగడానికి భయమేసి వదల్లేదు. వాళ్ళు అది బలం అనుకున్నారు" అని నవ్వింది. కొండల్లో హాస్టలు. రోజుకి ఎనిమిది గంటల సాధన, పొద్దునా సాయంత్రం తూకం. రెండు వందల గ్రాములు పెరిగితే రాత్రి భోజనం లేదు. పరుపు కింద రొట్టెముక్క దాచుకుని, అది దొరికిపోతే మిగతా పిల్లల ముందు నిలబెట్టి తిట్లు. పది సెంటీమీటర్ల వెడల్పున్న దూలం, బీమ్ అంటారు, దాని మీద వెనక్కి పల్టీ కొట్టి పడితే ఏడవకూడదు, ఎక్కి మళ్ళీ చెయ్యాలి, చేసి నవ్వాలి. నవ్వకపోతే కూడా దెబ్బే.

ఐరోపా పోటీలకి పదిహేనేళ్ళు నిండాలని ఆ ఏడే రూలు పెట్టారట. డోయినాకి పద్నాలుగు. జట్టులో అందరికన్నా బాగా చేసేది ఈవిడే. బయల్దేరే ముందు ఒక అధికారి కొత్త పాస్‌పోర్టు తెచ్చి, తెరిచి, చదవమన్నాడు. చదివింది. నీకెన్నేళ్ళు అన్నాడు. పద్నాలుగు అంది. చెంప మీద కొట్టాడు. మళ్ళీ అడిగాడు. పదిహేను అంది. వాళ్ళ అమ్మని కూడా పిలిచి సంతకం పెట్టించుకున్నారు. చిటికెనవేలు ఎముక విరిగి ఉన్న పాదంతో ఆ పిల్ల బీమ్ మీద ఎక్కి, దూకి, కదలకుండా నిలబడి, నవ్వి, బంగారు పతకం గెలిచింది. తర్వాత ఇంకో నాలుగు పతకాలు. పంతొమ్మిదో ఏట ఒళ్ళు పెరిగిందని ఇంటికి పంపేశారు. సరిహద్దులు తెరిచాక ఒక సంచితో జర్మనీ వచ్చి, హోటల్లో దుప్పట్లు మడిచి, భాష నేర్చుకుని, ముప్పై ఏళ్ళుగా ఈ క్లబ్బులో పిల్లలకి నేర్పుతోంది. తన క్లాసులో తూకం మిషను ఉండదు. పిల్లలు పడితే ఏడవనిస్తుంది.

పోయిన శుక్రవారం ఆవిడ అరవయ్యో పుట్టినరోజు. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేకు తేవాలి. డోయినాకి వంట రాదు కాబట్టి నేను చేశాను. పైన క్రీముతో అరవై అని అంకె కూడా వేశాను. క్లబ్బు అధ్యక్షుడు బీరువాలోంచి పతకం తీసి మెడలో వేసి, ఫొటోలు తీయించి, నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఆవిడ చెంచా తీసుకుని కేకు మీద అంకె మొత్తం గీకేసింది.

"నాకు యాభై తొమ్మిది. ఇది గెలిచినప్పుడు నాకు పద్నాలుగు. మా దేశం వాళ్ళు పాస్‌పోర్టులో అబద్ధం రాశారు, నేనూ నలభై అయిదేళ్ళు అదే చెప్పాను. జిమ్నాస్టిక్స్ సమాఖ్యకి ఉత్తరం రాశాను, నిన్న పోస్టు చేశాను. ఇప్పుడు తినండి."

ఎవరూ తినలేదు. అధ్యక్షుడు, "ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎందుకు డోయినా, పతకం వెనక్కి తీసుకుంటే?" అన్నాడు. సరిగ్గా నా నోట్లో మాటే. తర్వాత క్లబ్బు వెనకాల వంటగదిలో గిన్నెలు కడుగుతూ నేనూ అదే అడిగాను. ఆవిడ నా చేతిలో స్పాంజి లాక్కుని తను కడగడం మొదలుపెట్టింది.

"తీసుకోనీ. ఆ రోజు బీమ్ మీద ఉన్నది పద్నాలుగేళ్ళ పిల్ల, వల్లీ. కాలువేలు విరిగి, ఆకలేసి, అమ్మ కావాలనుకుంటున్న చిన్నపిల్ల. పదిహేనేళ్ళ పిల్ల అనేది అసలు లేదు. ఎవరో లేనిపిల్ల గెలిచిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పతకం వాళ్ళు ఉంచుకుంటారు. ఆ పిల్ల నాక్కావాలి."

బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నావని ఈషా అడిగితే ఉల్లిపాయలు అన్నాను. బస్సులో ఉల్లిపాయలేంటని అది నవ్వింది.

ఆదివారం పొద్దున. అత్తగారు తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, హాల్లో ఫోను చక్కెర డబ్బాకి ఆనించి కూర్చుంది. వంటింట్లో శశికాంత్ నా వెనక నిలబడి, "అమ్మ తృప్తి కోసం వల్లీ. ఓన్లీ టెన్ మినిట్స్. నీకేం పోయింది చెప్పు" అన్నాడు. దోసె తిరగేశాను. నాకేం పోయిందో చెప్పడం మొదలుపెడితే దోసె మాడిపోతుంది.

ఫోనులో సిద్ధాంతి గారు గోత్రం అడిగారు, పేరు అడిగారు. "పాప పుట్టిన సమయం తల్లిగారు చెప్పండమ్మా."

"రెండూ నలభై రెండండీ" అంది అత్తగారు గబుక్కున.

"మీరు కాదమ్మా, తల్లిగారు."

నానమ్మ పక్కన దోసె ముక్క నోట్లో పెట్టుకుని ఈషా తలెత్తింది. "నైన్, ఓమా!" అంది జర్మన్‌లో, కాదు నానమ్మా అని. "రెండూ యాభై రెండు. నా బేబీ బుక్‌లో ఉంది."

"నీకు తెలీదు కన్నా, ఊరుకో" అన్నాడు శశికాంత్. "నీ స్టార్‌లో చిన్న ప్రాబ్లమ్ ఉంది, నానమ్మ ఫిక్స్ చేస్తోంది."

పిల్ల మొహం మారిపోయింది. నా వైపు తిరిగి, "ఇస్ట్ దస్ మైనె షుల్ట్, మమ్మా?" అంది.

నా తప్పా అని అడుగుతోంది.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు కనకయ్య కాఫీ గ్లాసు పెట్టేసి లేస్తుంటే, వంటింటి తలుపు వెనక నిలబడి నేను ఇదే అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. నా కూతురు తొమ్మిదేళ్ళకే అడిగింది, పైగా చెప్పాల్సినదాన్ని నేనే. స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చాను.

"కాదు తల్లీ, నీ తప్పు కాదు. నీలో ఫిక్స్ చెయ్యాల్సింది ఏమీ లేదు" అన్నాను. ఫోను వైపు వంగాను. "రెండూ యాభై రెండండీ. ఒక్క నిమిషం అటూ కాదు, ఇటూ కాదు. కన్నది నేను. జ్యేష్ఠ అయితే జ్యేష్ఠ అనే రాయండి. అసలు రాయకపోయినా సరే."

"వల్లీ!" అంది అత్తగారు. పన్నెండేళ్ళలో ఆవిడ నా మీద అరవడం అదే మొదటిసారి.

శశికాంత్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. అలవాటైన నవ్వు. నా చెవి దగ్గర వంగి, మెల్లగా, "చెప్పేయనా?" అన్నాడు.

ఆ మాట వింటే గుండె జారాలి. ఎప్పుడూ జారేది. ఈసారి జారలేదు. ఇంత చిన్న మాటకా ఇన్నేళ్ళూ భయపడ్డాను అని నా మీద నాకే జాలేసింది, ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది.

"నువ్వెందుకు, నేనే చెప్తా" అన్నాను, అందరికీ వినపడేట్టు. "అత్తయ్యా, నాది పుష్యమి కాదు, ఆశ్లేష. మా అమ్మ మీకు అబద్ధం చెప్పింది. మీ అబ్బాయికి పదకొండేళ్ళుగా తెలుసు, తెలిసీ మీకు చెప్తానని నన్ను బెదిరిస్తూ వచ్చాడు. ఇన్నేళ్ళు నా చేతి వంట తిని మీరు దుక్కలా ఉన్నారు. ఈ ఇంట్లో ఇక ఎవరికైనా గండం ఉందంటే, అది మీ అబ్బాయికే."